దాచాల్సిన ముక్క, దాచకూడని ముక్క

టైపింగు షాపులో రోజూ కొట్టే మ్యాటర్‌లో చాలా భాగం అంతకుముందు కొట్టిందే. అమ్మేవాళ్లు మారతారు, కొనేవాళ్లు మారతారు, సర్వే నంబరు మారుతుంది. ‘సదరు ఆస్తిపై ఎట్టి తనఖాలు, తగాదాలు, కోర్టు జప్తులు లేవని’ అనే వాక్యం మాత్రం మారదు. అఫిడవిట్ చివర వచ్చే ప్రమాణం మారదు. బ్యాంకు మేనేజరుగారికి రాసే అర్జీలో మొదటి రెండు వరుసలు మారవు. అయినా ఈ మారని మాటలనే ఆపరేటర్లు పొద్దున్నుంచి రాత్రిదాకా మళ్లీ మళ్లీ కొడతారు. లేదంటే ఎవరిదో పాత డాక్యుమెంటు తెరిచి, దానిమీదే కొత్త పేర్లు దిద్ది ప్రింటు తీస్తారు. మొదటి పద్ధతిలో చేతులు అరుగుతాయి. రెండో పద్ధతిలో కాగితం రాయించుకున్న పార్టీల బతుకులే చిక్కుల్లో పడతాయి.

నేను తెనాలిలో డీటీపీ పని చేస్తాను. దస్తావేజుల డ్రాఫ్టులు, అఫిడవిట్లు, నోటీసులు, పింఛను దరఖాస్తులు, శుభలేఖలు అన్నీ నా టేబుల్ మీదికి వస్తాయి. ఈ పనిలో నాకు బాగా గట్టిపడిన అభిప్రాయం ఒకటుంది. కంప్యూటర్‌తో బతికే ప్రతివాళ్లూ తాము తరచూ వాడే మాటల ముక్కలను విడిగా, పేరు పెట్టి, తేదీ వేసి దాచుకోవాలి. ఆ దాచడంలో ఒకే ఒక్క గీత దాటకూడదు. అందరికీ పనికొచ్చే మాట దాచాలి, ఒక్క మనిషికి చెందిన వివరం దాచకూడదు. చిన్న విషయమే అనిపిస్తుంది. కానీ ఇల్లు కొన్నవాళ్ల హద్దులు, పింఛను కోసం వచ్చిన ముసలమ్మ ఆధార్ నంబరు, కోర్టు గుమ్మం ఎక్కిన వాళ్ల ఫిర్యాదు, అన్నీ ఈ గీత మీదే ఆధారపడి ఉన్నాయి.

ఒక విక్రయ దస్తావేజును దగ్గరగా చూద్దాం. మొదట తేదీ, తర్వాత రాసిచ్చేవారి పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, వృత్తి, చిరునామా. తర్వాత రాయించుకునేవారి వివరాలు. ఆ ఆస్తి అమ్మేవాళ్లకు ఎలా సంక్రమించిందో చెప్పే భాగం, అంటే స్వార్జితమా, పిత్రార్జితమా, ఏ లింకు డాక్యుమెంటు ద్వారా వచ్చింది. ఆ తర్వాత ప్రతిఫలం ఎంత, ఎలా ముట్టింది. ఇక్కడిదాకా ప్రతి మాటా ఆ పార్టీలదే. అటుపైన స్వాధీనం చేశామని, పుత్రపౌత్ర పారంపర్యంగా సర్వహక్కులతో అనుభవించవచ్చని, ఎవరైనా అడ్డు వస్తే సొంత ఖర్చులతో పరిష్కరిస్తామని వచ్చే భాగం అందరిదీ. చివర షెడ్యూలు: ఊరు, సర్వే నంబరు, విస్తీర్ణం, తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం హద్దులు. ఇది మళ్లీ పూర్తిగా ఆ ఒక్క ఆస్తిదే. అంటే దస్తావేజులో తల, తోక ఒక మనిషివి, నడుము అందరిది. దాచాల్సింది ఆ నడుము. మన దగ్గర చాలాచోట్ల తల, నడుము, తోక కలిపి మొత్తం ఫైలునే దాస్తున్నారు. దానిమీదే దిద్దుతున్నారు.

దిద్దితే ఏమవుతుందో నా షాపుకు వచ్చిన భార్యాభర్తలను చూస్తే అర్థమైంది. వాళ్లు ఇల్లు కొన్నారు, వేరేచోట డ్రాఫ్టు కొట్టించుకున్నారు, రిజిస్ట్రేషన్ అయిపోయింది. తర్వాత లోను కోసం బ్యాంకుకు వెళ్తే, కాగితాలు చూసిన లాయరు ఉత్తరం హద్దు దగ్గర ఆగిపోయారు. మూడు హద్దులు వాళ్లవే. నాలుగోది మాత్రం అదే ఫైలులో అంతకుముందు కొట్టిన ఇంకెవరి స్థలానిదో. ఉత్తరాన పక్కింటివారి పేరు ఉండాల్సిన చోట మునిసిపల్ రోడ్డు అని ఉంది. ఇప్పుడు సవరణ దస్తావేజు కావాలి. దానికి అమ్మినాయన మళ్లీ వచ్చి సంతకం పెట్టాలి. ఆయన హైదరాబాదులో కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు, ఒంట్లో బాగాలేదు. ‘అమ్మా, ఒక్క మాటే గదా తప్పు, మీరు దిద్ది ఇవ్వరా’ అని ఆవిడ నన్ను అడిగింది. రిజిస్టరైన కాగితంలో అక్షరం దిద్దడం నా చేతుల్లో ఉండదు, ఇంకెవరి చేతుల్లోనూ ఉండదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 21వ సెక్షన్ ప్రకారం, గుర్తుపట్టడానికి సరిపడా ఆస్తి వర్ణన లేకపోతే స్థిరాస్తి దస్తావేజును రిజిస్ట్రేషన్‌కే తీసుకోకూడదు. హద్దులకు అంత విలువ ఉంది. ఆ హద్దును పాత ఫైలులోంచి వచ్చిన మాట తినేసింది.

అక్కడ డ్రాఫ్టు కొట్టినవారిని దుర్మార్గులని నేను అనను. బయట పార్టీలు నిలబడి ఉంటారు, రిజిస్ట్రేషన్ స్లాటు టైము దగ్గర పడుతుంది, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ఆ ఒత్తిడిలో పాత ఫైలు మీద కొట్టడమే సులువు. అందుకే మనిషి జాగ్రత్తను మాత్రమే నమ్ముకుంటే చాలదని చెబుతున్నాను. ఎంత తొందరలో ఉన్నా తప్పు జరగడానికి చోటు లేని పద్ధతి కావాలి. నడుము భాగాన్ని విడి ముక్కగా దాచుకుని, హద్దులు ప్రతిసారీ ఖాళీలోంచి మొదలుపెడితే పాత హద్దు రావడానికి దారే ఉండదు.

ఈ ముక్కలను దాచే ఆలోచన కంప్యూటర్లకు కొత్తదేమీ కాదు. కట్, కాపీ, పేస్టు అనే మూడు పనులను ఇప్పుడు మనకు తెలిసిన రూపంలోకి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు ల్యారీ టెస్లర్. 1970ల నడుమ కాలిఫోర్నియాలోని జెరాక్స్ పార్క్ పరిశోధనశాలలో ఆయన, టిమ్ మాట్ కలిసి జిప్సీ అనే టైపింగు ప్రోగ్రాం తయారుచేశారు. అది శాస్త్రవేత్తల కోసం చేసింది కాదు. జెరాక్స్ సొంతదారుగా ఉన్న గిన్ అనే పాఠ్యపుస్తకాల ప్రచురణ సంస్థ ఎడిటర్ల కోసం చేసింది. ఆ ఎడిటర్లు కత్తెరతో కాగితం కత్తిరించి, జిగురుతో వేరేచోట అంటించి పుస్తకాలు తయారుచేసేవారు. వాళ్ల చేతిపనిని దగ్గరుండి చూసి, దాన్నే తెరమీదికి తెచ్చారు. టెస్లర్ 2020 ఫిబ్రవరిలో చనిపోయారు. కంట్రోల్ సీ, కంట్రోల్ వీ నొక్కే ప్రతి డీటీపీ ఆపరేటరూ ఆయనకు రుణపడి ఉన్నట్టే. టైపు చేసి బతికే మనుషుల అవసరంలోంచి పుట్టిన సౌకర్యం అది, కాబట్టి అది మన సొత్తు. దాన్ని సగమే వాడుకుంటున్నామన్నదే నా బాధ.

1984లో వచ్చిన మొదటి మెకింతాష్‌లోనే స్క్రాప్‌బుక్ అని ఒకటుండేది. తరచూ వాడే మాటలు, బొమ్మలు అందులో పెట్టుకుని కావలసినప్పుడు తీసుకునేవారు. ఆ తర్వాత 1990లలో మ్యాక్‌లో ఇంకో మంచి సౌకర్యం వచ్చింది. తెరమీద నాలుగు వాక్యాలను సెలెక్ట్ చేసి మౌసుతో లాగి డెస్క్‌టాప్ మీద వదిలితే, అవి అక్కడే ఒక చిన్న ఫైలుగా నిలుస్తాయి. మొదటి మాటలే దానికి పేరవుతాయి. ఆ ఫైలును మళ్లీ లాగి వేరే డాక్యుమెంటులో వదిలితే మ్యాటర్ అక్కడ వచ్చి పడుతుంది. ఇప్పటికీ మ్యాక్‌లో ఇది పనిచేస్తుంది.

విండోస్‌లో కూడా ఒకప్పుడు ఇలాంటిదే ఉండేది. విండోస్ 95 నుంచి ఎక్స్‌పీ దాకా వర్డ్‌లోని ముక్కను లాగి డెస్క్‌టాప్ మీద వదిలితే డాక్యుమెంట్ స్క్రాప్ అనే ఫైలు తయారయ్యేది. విస్టాతో దాన్ని తీసేశారు. ఆ ఫైళ్ల లోపల మ్యాటరే కాదు, కంప్యూటర్‌ను నడిపే ఆదేశాలను కూడా దాచవచ్చు. పైగా వాటి పేరులోని చివరి మూడక్షరాలు కంటికి కనపడేవి కావు. 2000 సంవత్సరంలో లైఫ్ స్టేజెస్ అనే వైరస్ మామూలు టెక్స్టు ఫైలులా వేషం వేసి, ఈ స్క్రాప్ రూపంలోనే ఈమెయిళ్ల ద్వారా పాకింది. ప్రమాదాన్ని ఆపడం సరే. కానీ ముక్కను కంటికి కనపడేచోట, చేత్తో లాగి పెట్టుకునే ఆ సులువు కూడా దానితోపాటే పోయింది. మన ఊళ్లలో షాపులన్నీ దాదాపు విండోస్ మీదే నడుస్తాయి కాబట్టి ఆ నష్టం మనకు బాగా తగిలింది.

లాగి పెట్టుకోవడానికీ, కాపీ కొట్టడానికీ నడుమ ఒక తేడా ఉంది. కాపీ కొట్టిన ముక్క కంటికి కనపడదు. మామూలుగా ఇంకొకటి కాపీ కొట్టగానే ముందుది పోతుంది. లాగి పెట్టుకున్నదానికి ఒక చోటు ఉంటుంది, పేరు ఉంటుంది, రేపు వచ్చి చూసినా అక్కడే ఉంటుంది. పేరు, చోటు ఉన్నప్పుడే అది మన దగ్గర ఉన్నట్టు. లేకపోతే దాన్ని ఎవరూ సరిచూడరు, ఎవరూ మెరుగుపరచరు.

ఇప్పుడు విండోస్‌లో దొరికే సాధనాలు తక్కువేమీ కావు. 2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 మార్పులతో క్లిప్‌బోర్డ్ హిస్టరీ వచ్చింది. విండోస్ కీ పట్టుకుని వీ నొక్కితే, ఒకసారి ఆన్ చేసి ఉంటే, అంతకుముందు కాపీ కొట్టినవి వరుసగా కనపడతాయి. 25 దాకా నిలుస్తాయి. కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే పిన్ను పెట్టినవి తప్ప మిగిలినవి పోతాయి. వర్డ్‌లో ఆటోటెక్స్టు ఉంది. ముక్కను సెలెక్ట్ చేసి ఆల్ట్, ఎఫ్3 నొక్కి చిన్న పేరు పెడితే, తర్వాత ఆ పేరు కొట్టి ఎఫ్3 నొక్కగానే పేరా మొత్తం దిగుతుంది. లిబ్రెఆఫీసులో కూడా ఇదే సౌకర్యం ఉంది, అదీ పైసా ఖర్చు లేకుండా. వేరువేరు చోట్ల ఉన్న పేరాలను ఏరి ఒకేసారి వేసుకోవాలంటే వర్డ్‌లో కంట్రోల్, ఎఫ్3తో పనిచేసే స్పైక్ అనేది ఉంది. ఇవన్నీ షాపుల్లో ఉన్న కంప్యూటర్లలోనే ఉన్నాయి. వీటి గురించి చెప్పే కోర్సు మాత్రం నా చుట్టుపక్కల నాకు కనపడలేదు. మూడు నెలల కోర్సులో బోర్డరు ఎలా వేయాలో, టేబుల్‌కు రంగు ఎలా పూయాలో నేర్పుతారు. రేపు ఉద్యోగంలో రోజంతా చేయాల్సిన పని గురించి ఒక్క గంట కూడా చెప్పరు.

అయితే ఈ సాధనాల్లో ఏదీ ఒక్కటే చాలదు. వర్డ్‌లో దాచిన ముక్కలు వర్డ్ సొంత ఫైలులో ఉంటాయి. కంప్యూటర్ మార్చినప్పుడు ఆ ఫైలును గుర్తుపెట్టుకుని తెచ్చుకోకపోతే, ఏళ్ల తరబడి పోగేసినదంతా పాత హార్డ్‌డిస్కులోనే ఉండిపోతుంది. క్లిప్‌బోర్డ్ హిస్టరీ ఆ పూట పనికి మాత్రమే. అందుకే అసలు నిల్వ మామూలు టెక్స్టు ఫైళ్లలో ఉండాలంటాను. ఏ కంప్యూటర్‌లోనైనా, ఏ ప్రోగ్రాంలోనైనా తెరుచుకునేది అదొక్కటే.

తెలుగు వాళ్లకు ఇక్కడ ఒక అడ్డు ఉంది. మన డీటీపీ లోకం చాలాకాలం ‘అను’ ఫాంట్లు, పేజీలు కూర్చే ప్రోగ్రాం పేజ్‌మేకర్ మీద నడిచింది, ఇప్పటికీ కొంత నడుస్తోంది. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం కంప్యూటర్‌కు తెలుగు అక్షరంగా తెలియదు. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు ఉండే గదుల్లో తెలుగు బొమ్మలను కూర్చోబెట్టారు, అంతే. ఫాంటు ఉన్నంతసేపు తెలుగే కనపడుతుంది. అదే ముక్కను నోట్‌ప్యాడ్‌లో వేస్తే అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల గుంపుగా మారిపోతుంది. వెతికితే దొరకదు, ఫోనులో పంపితే చదవలేరు. పేజ్‌మేకర్ చివరి వెర్షను 2001లో వచ్చింది, అది తెలుగు అక్షరాన్ని తెలుగు అక్షరంగానే గుర్తించే యూనికోడ్‌ను ఎరగదు. తెలుగుకు యూనికోడ్‌లో 1991 నుంచే చోటుంది. విండోస్‌లో ఎక్స్‌పీ నుంచి గౌతమి ఫాంటుతో తెలుగు దొరుకుతోంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఒక ఆపరేటరు కొట్టిన ముక్క ఇంకో ఆపరేటరు కంప్యూటర్‌లో తెరుచుకోకపోతే, ఆ శ్రమ పదిమందికీ అందదు.

కాబట్టి దాచేది యూనికోడ్‌లోనే దాచాలి. అను నుంచి యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చిన తర్వాత ఒత్తులు, పొల్లులు ఒక్కొక్కటీ చదివి సరిచూసుకోవాలి. నోట్‌ప్యాడ్‌లో దాచేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. 2019 మే నెల మార్పుల నుంచి విండోస్ 10లో నోట్‌ప్యాడ్ తనంతట తానే యూనికోడ్‌కు సరిపడే యూటీఎఫ్-8 పద్ధతిలో దాస్తుంది. అంతకు ముందు వెర్షన్లలో సేవ్ చేసేటప్పుడు ఆ పద్ధతిని మనమే ఎంచుకోవాలి. హెచ్చరిక వచ్చినా చూడకుండా ఓకే కొడితే తెలుగంతా ప్రశ్నార్థకాలు అయిపోతుంది. అవి తిరిగి తెలుగు కావు. పాత కంప్యూటర్లు ఇంకా నడుపుతున్న షాపులవాళ్లు ఈ ఒక్క ముక్క తెలుసుకుంటే ఎంతో శ్రమ తప్పుతుంది.

నా కంప్యూటర్‌లో డెస్క్‌టాప్ మీద ‘ముక్కలు’ అని ఒక ఫోల్డరు ఉంది. లోపల విక్రయం, తనఖా, దానం, అద్దె, అఫిడవిట్, అర్జీ అని విడివిడి ఫోల్డర్లు. ప్రతి ఫైలులో ఒకే ఒక్క పేరా. ఫైలు పేరులోనే అది ఏమిటో, చివరిసారి ఎప్పుడు సరిచూశానో ఉంటుంది. ఫైలు మొదటి వరుసలో దాన్ని ఎవరు చూసి సరే అన్నారో రాస్తాను. లాయరుగారు చూస్తే లాయరుగారు అని, డాక్యుమెంట్ రైటరు చూస్తే అలా. ఆ వరుస పార్టీ డాక్యుమెంటులోకి వెళ్లదు, అది నా కోసం. మనిషి పేరు, డబ్బు అంకె, హద్దు, నంబరు ఏది రావాల్సి ఉన్నా అక్కడ రెండు హ్యాష్ గుర్తులు మాత్రమే ఉంటాయి. ప్రింటు ఇచ్చేముందు కంట్రోల్ ఎఫ్ నొక్కి ఆ గుర్తుల కోసం వెతుకుతాను. ఒక్కటి దొరికినా ప్రింటు ఆగుతుంది. ఖాళీ మిగిలిపోతే వెతుకులాటలో వెంటనే బయటపడుతుంది. పాత పేరు మిగిలిపోతే ఏ వెతుకులాటలోనూ దొరకదు. ఖాళీలతో దాచడానికీ, నిండిన ఫైలు దాచడానికీ ఉన్న తేడా అంతా ఇదే. విత్తనానికి ఉంచిన గింజలను రైతు తిండిగింజల్లో కలపడు. మనమూ అంతే శ్రద్ధ చూపాలి.

తేదీ ఎందుకు వేయాలంటే, మారవు అనుకున్న మాటలు కూడా మారతాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. మాకు దగ్గర్లోనే ఉన్న వేమూరు, రేపల్లె ప్రాంతాలు గుంటూరు జిల్లా నుంచి బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. అంతకుముందు దాచుకున్న చిరునామా ముక్కల్లో జిల్లా పేరు ఒక్కరోజులో పాతబడింది. తెలంగాణ వాళ్లు 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయినప్పుడు, 2019లో 33 అయినప్పుడు ఇదే చూశారు. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. మోసం కేసు అనగానే అందరి నోట్లో నానిన 420వ సెక్షన్ స్థానంలో ఇప్పుడు 318లోని నాలుగో ఉపసెక్షన్ ఉంది. ఆ తేదీ నుంచి జరిగిన నేరంపై ఫిర్యాదు రాసేటప్పుడు పాత ముక్కను అలాగే దించితే, పార్టీ స్టేషన్ దగ్గరో లాయరు దగ్గరో మళ్లీ మొదటికి రావాలి. అంతకు ముందు జరిగినదానికి పాత సెక్షనే వర్తిస్తుంది. అందుకే పాత ముక్కను చెరిపెయ్యకుండా, ఎప్పటిదాకా చెల్లుతుందో రాసి పక్క ఫోల్డరులో ఉంచాలి. ముక్క మీద తేదీ లేకపోతే ఈ తేడా ఎవరికి తెలుస్తుంది?

ఇక దాచకూడనివాటి సంగతి. ఒకసారి వేరే ఊళ్లో పని పడి నెట్ సెంటర్‌లో కూర్చున్నాను. అలవాటు కొద్దీ విండోస్ కీతో వీ నొక్కాను. నాకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు కాపీ కొట్టినవన్నీ వరుసగా వచ్చాయి. ఒక పాన్ నంబరు, ఒక బ్యాంకు ఖాతా నంబరు, దాని కిందే ఐఎఫ్ఎస్‌సీ కోడు, ఒక ఆడపిల్ల పూర్తి పేరు, పుట్టినతేదీ, ఫోను నంబరు. వాళ్లెవరో నాకు తెలియదు. వాళ్ల వివరాలు నా కళ్లముందు ఉన్నాయి. వెంటనే క్లియర్ ఆల్ నొక్కి చెరిపేశాను. షాపాయనను పిలిచి చూపించాను. ఆయనకు అలాంటిదొకటి ఉందనే తెలియదు. సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని ఆపించాం. పిన్ను పెట్టినవి క్లియర్ ఆల్ నొక్కినా పోవు, వాటిని విడిగా తీయాలని కూడా చెప్పాను.

పదిమంది కూర్చునే కంప్యూటర్‌లో క్లిప్‌బోర్డ్ హిస్టరీ ఆన్‌లో ఉండకూడదు. ఇది నా గట్టి మాట. ఒకే అకౌంటుతో ఉన్న వేరే కంప్యూటర్లకు కూడా ఆ ముక్కలు చేరే ఏర్పాటు విండోస్‌లో ఉంది. షాపుల్లో దాన్నీ ఆపాలి. సొంత కంప్యూటర్‌లో ఒక్కరే కూర్చునేవాళ్లు వాడుకోవచ్చు, అదీ మాటల కోసమే. ఆధార్ నంబరుకు 12 అంకెలు. ఒక్కసారి కొట్టి, పని అయ్యాక చెరిపెయ్యడానికి నిమిషం పట్టదు. ‘అక్కా, మళ్లీ వస్తారుగా, ఉంచితే మనకే సులువు గదా’ అని నా దగ్గర పని నేర్చుకుంటున్న అమ్మాయి మొదట్లో అడిగేది. మళ్లీ వస్తే మళ్లీ కొడదాం అన్నాను. వాళ్ల నంబరు మన దగ్గర ఉండటం వల్ల మనకు కలిగేది నిమిషం లాభం. అది వేరే చేతుల్లో పడితే వాళ్లకు కలిగే నష్టానికి లెక్కే లేదు. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనపడే మాస్క్‌డ్ ఆధార్ ఉంది, చాలాచోట్ల అది సరిపోతుంది. ఆ సంగతి పార్టీకి చెప్పడం కూడా మన పనిలో భాగమే.

ఇలా ముక్కలు దాచుకుంటే భాష మొద్దుబారిపోతుందని, అందరి అర్జీలూ ఒకేలా ఉంటాయని అనేవాళ్లున్నారు. వాళ్ల మాటలో కొంత నిజం ఉంది. అర్థం తెలియకుండా పాత దస్తావేజుల నుంచి దిగుతూ వచ్చే వాక్యాలు ఉన్నాయి. రాసిచ్చేవారికి అర్థం కావు, రాయించుకునేవారికి అర్థం కావు, కొట్టేవారికీ అర్థం కావు. కానీ దానికి మందు కూడా ముక్కలు విడిగా దాచుకోవడంలోనే ఉంది. నిండిన ఫైళ్ల గుట్టలో వాక్యాన్ని ఎవరూ బాగుచేయలేరు. విడిగా ఉన్న ఒక్క పేరాను మాత్రం తీరిక ఉన్న మధ్యాహ్నం కూర్చుని, లాయరుగారిని అడిగి, అందరికీ తెలిసే తెలుగులో తిరగరాయవచ్చు. ఒక్కసారి బాగుచేస్తే ఆ తర్వాత వచ్చే ప్రతి కాగితంలోనూ బాగుంటుంది. అద్దె ఒప్పందంలో అడ్వాన్సు తిరిగి ఇచ్చే షరతును నేను అలాగే తిరగరాశాను. ఎన్ని నెలల ముందు చెప్పాలో, ఎంత కోసుకోవచ్చో, ఎప్పటిలోగా ఇవ్వాలో మూడు చిన్న వాక్యాల్లో ఉంటుంది. చదివి వినిపిస్తే అద్దెకు వచ్చినవాళ్లు మధ్యలో ఆపి, ‘రెండు నెలలంటే మాకు కష్టం, ఒక నెల చెయ్యండి’ అని అడుగుతున్నారు. అంతకుముందు పెట్టిన పొడుగు వాక్యం చదివినప్పుడు తలూపి సంతకం పెట్టేవారు. అడగగలగడమే ఒప్పందానికి ప్రాణం.

పైగా మారని భాగానికి పట్టే సమయం మిగిలితే, ఆ సమయాన్ని మారే భాగానికి ఇవ్వవచ్చు. హద్దులు రెండుసార్లు చదవవచ్చు. పేరులో ఇంటిపేరు ముందా వెనకా అని ఆధార్ కార్డుతో పోల్చవచ్చు. డ్రాఫ్టును పార్టీకి పైకి చదివి వినిపించవచ్చు. కాగితం మీద ఉన్నదాన్ని చదవలేనివాళ్లకు అదొక్కటే రక్షణ. యంత్రం చేయగల పనిని యంత్రానికి వదిలి, మనిషి చేయాల్సిన పనికి మనిషి సమయం దక్కించుకోవడమే ఈ పద్ధతి మొత్తానికీ ప్రయోజనం.

దీనికి ప్రభుత్వ శాఖలు చేయాల్సింది ఉంది. ప్రజలు నింపాల్సిన ప్రతి నమూనాను, అర్జీ అయినా, అఫిడవిట్ అయినా, దస్తావేజు అయినా, యూనికోడ్ తెలుగులో, కాపీ చేసుకోవడానికి వీలైన మ్యాటర్‌గా ఇవ్వాలి. ఖాళీలు ఎక్కడ ఉండాలో స్పష్టంగా గుర్తులుండాలి. ఏ తేదీ నుంచి చెల్లుతుందో మొదటి వరుసలోనే ఉండాలి. స్కాన్ చేసిన కాగితపు ఫొటో మా దగ్గరికి వస్తే, దాన్ని చూసి ప్రతి షాపులోనూ మళ్లీ కొట్టుకోవాలి. ప్రతి షాపులోనూ ఒక కొత్త అచ్చుతప్పు పుడుతుంది. చట్టం మారినప్పుడు, జిల్లా మారినప్పుడు నమూనా కూడా అదే రోజు మారాలి.

కంప్యూటర్ శిక్షణ ఇచ్చేవాళ్లను నేను కోరేది ఇంకా తేలిక. మీ దగ్గరికి వచ్చే పిల్లలు రేపు ఆసుపత్రి రిసెప్షనులో, స్కూలు ఆఫీసులో, లాయరు దగ్గర, మాలాంటి షాపులో కూర్చుంటారు. వాళ్లకు ఒక్క పూట కేటాయించండి. ఆటోటెక్స్టు, క్లిప్‌బోర్డ్ హిస్టరీ, యూటీఎఫ్-8, ఖాళీ గుర్తులు చూపించండి. దానితోపాటే ఎవరి నంబరునూ దాచకూడదని, పదిమంది కూర్చునే కంప్యూటర్‌లో హిస్టరీ ఆపాలని చెప్పండి. ఈ రెండూ విడివిడి పాఠాలు కావు, ఒకే పాఠానికి రెండు సగాలు.

పార్టీలుగా వచ్చేవాళ్లు కూడా అడగాలి. డ్రాఫ్టు చేతికి రాగానే నాలుగు హద్దులు, పేర్లు, అంకెలు మీ పాత కాగితాలతో పోల్చి చూసుకోండి. పని అయ్యాక, ‘నా ఆధార్, నా ఫైలు తీసేశారా’ అని నిలబడి అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. ఆ ప్రశ్నకు చిరాకు పడకుండా జవాబు చెప్పే షాపులోనే మీ కాగితం భద్రంగా ఉంటుంది.